మాత్రలకు లొంగని మంట

ఒంటికి పోయి, లేచి, చీర సర్దుకుని నాలుగడుగులు వేస్తుంది. అప్పుడు మళ్లీ చుక్కలు చుక్కలుగా కారుతుంది. దగ్గలేదు, తుమ్మలేదు, బరువెత్తలేదు. ఇప్పుడే కదా పోయి వచ్చింది, ఇదెక్కణ్నుంచి వచ్చినట్టు? పత్తి తీసే రోజుల్లో నడుముకు కట్టుకున్న ఒడి ఆ తడిని దాస్తుంది. మిగతా రోజుల్లో పాత చీర ముక్క ఒకటి లోపల మడిచి పెట్టుకుంటుంది. ఈ సంగతి అత్తకు చెప్పదు, ఆడబిడ్డకు చెప్పదు. డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు కూడా చెప్పదు. చెప్పేది ఒక్కటే: ఒంటికి పోతాంటే మంట.

మంట అనగానే ఇంట్లో వాళ్లు వేడి చేసిందంటారు. సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు, మజ్జిగ తాగమంటారు, బార్లీ కాస్తారు. తగ్గకపోతే మందుల షాపు. అక్కడిచ్చిన మాత్రలు మూడు రోజులో ఐదు రోజులో మింగితే హాయిగా ఉంటుంది. నెల తిరిగేసరికి మళ్లీ మంట. ఈసారి ఆర్‌ఎంపీ, ఆ తర్వాత ఆదోనిలో డాక్టరు. మూత్రం పరీక్ష చేయిస్తే ఒకసారి ఇన్‌ఫెక్షన్ అని వస్తుంది, ఇంకోసారి ఏమీ లేదని వస్తుంది. పొట్ట మీద స్కానింగ్ తీస్తే అంతా నార్మల్. చివరికి ‘మనసులో పెట్టుకోకు, ఏం లేదు’ అని పంపిస్తారు.

ఇలా ఏళ్ల తరబడి తిరిగే ఆడవాళ్లలో కొందరికి మూత్రనాళం పక్కన ఒక తిత్తి ఉంటుంది. వైద్యులు దాన్ని యురెత్రల్ డైవర్టిక్యులం అంటారు. కనిపెడితే ఆపరేషన్‌తో చాలామందికి నయమవుతుంది. కనిపెట్టాలంటే ముందు వెతకాలి. వెతకడానికి కావలసిన మొదటి సాధనం ఆదోనిలోనూ ఉంది, ఎమ్మిగనూరులోనూ ఉంది: గ్లవుజు తొడుక్కున్న డాక్టరు వేలు. మంట పదే పదే తిరగబెడుతున్న మనిషికి ఇంకో చీటీ రాసే ముందు ఆ ఒక్క పరీక్ష చేయాలన్నదే ఈ కథనం అడుగుతున్నది.

నాలుగు సెంటీమీటర్ల దారిలో

ఆడవాళ్లకు మూత్రాశయం నుంచి బయటికి వచ్చే నాళం చిన్నది, దాదాపు నాలుగు సెంటీమీటర్లు. అది యోని ముందుగోడను ఆనుకునే సాగుతుంది. దాని చుట్టూ సన్నని గ్రంథులు ఉంటాయి, వాటి ద్వారాలు నాళంలోకే తెరుచుకుంటాయి. నాళం బయటికి తెరుచుకునే చోట ఉండే గ్రంథుల జంటను 1880లో బ్రూక్లిన్ వైద్యుడు అలెగ్జాండర్ స్కీన్ వర్ణించాడు, ఇప్పటికీ వాటికి ఆయన పేరే. ఈ గ్రంథుల్లో ఏదో ఒకదానికి ఇన్‌ఫెక్షన్ సోకి ద్వారం మూసుకుపోతే లోపల చీము పడుతుంది. ఆ చీముగడ్డ పెరిగి పెరిగి నాళంలోకే పగులుతుంది. చీము పోతుంది కానీ ఖాళీ అయిన చోటు పూడదు. నాళానికి పక్కన ఒక తిత్తి, దానికి సన్నని నోరు మిగిలిపోతాయి. ఎక్కువ మందిలో ఇలాగే ఏర్పడుతుందని వైద్యుల అభిప్రాయం. కాన్పులో తగిలిన దెబ్బ వల్ల కొందరికి రావచ్చు, పుట్టుకతో ఉండే వాళ్లు బహు తక్కువ. ఎక్కువగా బయటపడేది 30 నుంచి 60 ఏళ్ల మధ్య వాళ్లలో.

మూత్రం పోసిన ప్రతిసారీ కొంత ఈ తిత్తిలోకి పోయి నిలుస్తుంది. లేచి నడిచినప్పుడు తిత్తి మీద ఒత్తిడి పడి అదే చుక్కలుగా దిగుతుంది. ఆమె చెప్పని తడి ఇదే. ఎమ్మిగనూరు, ఆదోని వైపు తుంగభద్ర దిగువ కాలువ గట్టు వెంబడి నడిచిన వాళ్లు చూసే ఉంటారు, కాలువకు నీళ్లు ఆపేసినా పక్క గుంతలో నిలిచిన నీళ్లు అలాగే ఉండి పాచిపడతాయి. తిత్తిలో మూత్రమూ అంతే. మాత్రలు వేసుకుంటే మూత్రంలో ఉన్న క్రిములు చస్తాయి, మంట తగ్గుతుంది. తిత్తిలో నిలవ ఉన్నవి మిగిలిపోయి మళ్లీ పెరుగుతాయి. మాత్ర మారిస్తే కాదు, తిత్తి పోతేనే ఈ వరస ఆగేది.

మంట, చుక్కలు కారడం, భర్తతో కలిసినప్పుడు నొప్పి. పుస్తకాల్లో రాసే మూడు గుర్తులు ఇవి. మూడూ ఒకేసారి ఉన్నవాళ్లు నిజానికి తక్కువే. కొందరికి మాటిమాటికీ పోవాలనిపిస్తుంది, కొందరికి రక్తం పడుతుంది, కొందరికి మూత్రం సరిగా దిగదు. తిత్తి నుంచి కారే చీమును తెల్లబట్ట అనుకుని దానికే మందులు వాడుకునే వాళ్లుంటారు. స్నానం చేస్తున్నప్పుడు చేతికి చిన్న గడ్డ తగిలి భయపడి వచ్చేవాళ్లూ ఉంటారు. ఏ బాధా లేకుండా, వేరే దేనికో ఎంఆర్ఐ తీస్తే బయటపడినవాళ్లూ ఉన్నారు.

మూడో గుర్తు గురించి ఒక మాట చెప్పాలి. ఆ నొప్పిని పల్లెలో ఆడమనిషి ఎవరితో చెప్పుకోవాలి? భర్తకు చెప్పడానికి నోరు రాదు. సాకులు చెప్పి తప్పించుకుంటుంది. ఆయన ఇంకోలా అర్థం చేసుకుంటాడు. తిత్తి సంగతి ఎవరికీ తెలియకముందే సంసారంలో కలతలు మొదలవుతాయి. ఈ జబ్బుతో ప్రాణం పోవడం అరుదే. అందువల్లనే కాబోలు, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రోజూ నలిగిపోయే మనిషికి అది ఓదార్పు కాదు.

సుగ్గికి పోయినప్పుడు

పత్తి అమ్మకానికి రాష్ట్రమంతటా పేరున్న మార్కెట్ ఆదోనిది. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. ఈ రెండు ఊళ్ల చుట్టూ ఉన్న పల్లెల్లో మాత్రం ఏటా పనులు అయిపోగానే ఇళ్లకు తాళాలు పడతాయి. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి తీయడానికి వెళతాయి. సుగ్గికి పోవడమని ఇక్కడివాళ్లు అంటారు. చేల గట్ల మీద గుడారాలు. మరుగుదొడ్డి ఉండదు. చీకటి పడేదాకా బిగబట్టుకోవడం, అందుకోసం నీళ్లు తక్కువ తాగడం ఆడవాళ్లకు అలవాటైపోతాయి. బిగబట్టుకున్నందువల్లే తిత్తి ఏర్పడుతుందని ఎవరూ నిరూపించలేదు. అయితే నీళ్లు తక్కువ తాగి, గంటల తరబడి ఆపుకుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా పడుతుంది. తిత్తి ఉన్నవాళ్లకు అది నరకమే.

సుగ్గి వల్ల ఇంకో నష్టం ఉంది, అది పైకి కనిపించదు. మంట మొదటిసారి వచ్చినప్పుడు చూసింది ఊళ్లో ఆర్‌ఎంపీ. రెండోసారి గుంటూరు జిల్లాలో, మిరప చేను పక్క ఊళ్లో ఎవరో. మూడోసారి పండక్కి ఇంటికొచ్చినప్పుడు ఎమ్మిగనూరులో. చూసిన ప్రతివాళ్లకూ ఇది మొదటిసారే. ఇదే మనిషికి ఏడాదిలో ఐదోసారి మంట వచ్చిందన్న సంగతి ఏ ఒక్క డాక్టరు కంటా పడదు. చీటీలు గుడారంలోనే తడిసి చిరిగిపోతాయి. ఈ జబ్బును పట్టించేది ఒక్కసారి వచ్చిన మంట కాదు, తిరిగి తిరిగి రావడం. ఆ లెక్క ఉంచుకునేవాళ్లు ఎవరూ లేరు.

మన రాష్ట్రంలో దీనికి తోడు ఇంకో ప్రమాదం ఉంది. నడుం కింద ఏ బాధ వచ్చినా గర్భసంచి మీదికి నెట్టేస్తారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7. తెల్లబట్ట, నడుంనొప్పి, కిందంతా మంట అని వెళ్లినవాళ్లకు ‘సంచి తీసేస్తే సరిపోతుంది’ అన్న మాట వినిపించడం ఇక్కడ కొత్త కాదు. అనవసర ఆపరేషన్లను ఆపాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. మూత్రనాళం పక్కనున్న తిత్తికీ గర్భసంచికీ ఏ సంబంధమూ లేదు. గర్భసంచి తీయించుకుని, అప్పు తీరుస్తూ, అదే మంటతో మిగిలిన మనిషికి ఇక ఏ డాక్టరు మీదా నమ్మకం ఉండదు. ఉండమని మనం ఎలా అడుగుతాం?

వెతికితే దొరికింది

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో విలియం హే అనే సర్జన్ ఈ జబ్బు గురించి 1805లోనే రాశాడు. ఆ తర్వాత నూటయాభై ఏళ్లు ఇది అరుదైన వింతగానే పుస్తకాల్లో ఉండిపోయింది. 1956లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో డేవిస్, సియాన్ అనే ఇద్దరు కొత్త ఎక్స్‌రే పద్ధతి కనిపెట్టారు. రెండు బుడగలున్న ట్యూబుతో మూత్రనాళాన్ని పైనా కిందా మూసి, మధ్యలోకి ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని ఒత్తిడితో పంపుతారు. పక్కన తిత్తి ఉంటే ద్రవం అందులోకి దూరి చిత్రంలో తేలుతుంది. రెండేళ్లకు, 1958లో, డేవిస్, టెలిండే అనే మరో వైద్యుడు కలిసి 121 మంది ఆడవాళ్ల వివరాలు ప్రచురించారు. ఆడవాళ్ల శరీరాలేమీ మారలేదు. చూసే పద్ధతి వచ్చింది, జబ్బు కనిపించింది.

పద్ధతి వచ్చాక కూడా చూడనివాళ్లు చూడలేదు. అమెరికాలోనే 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ తిత్తి ఉన్న 46 మంది ఆడవాళ్ల కథ ఉంది. బాధ మొదలైన నాటి నుంచి జబ్బు పేరు తెలిసే దాకా వాళ్లకు పట్టిన కాలం సగటున 5.2 ఏళ్లు. ఆ లోపు ఒక్కొక్కరు తిరిగిన డాక్టర్లు సగటున తొమ్మిది మంది. అన్ని యంత్రాలూ ఉన్న దేశంలో ఇదీ పరిస్థితి. కౌతాళం నుంచి బస్సెక్కే మనిషికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ లెక్కకట్టలేదు.

ఇంతకీ ఆ పరీక్ష ఏమిటి? ముందు మాటతో మొదలవుతుంది. ‘మంట ఇది ఎన్నోసారి అమ్మా? పోయొచ్చినాక మళ్లా కారుతుందా? ఇంటాయనతో కలిసినప్పుడు నొప్పి ఉంటుందా?’ ఈ మూడూ అడగాలి. పక్కన అత్తో మరిదో ఉంటే వాళ్లను కాసేపు బయట కూర్చోమని అడగాలి. లేకపోతే మూడింటికీ ‘లేదు మేడమ్’ అన్న జవాబే వస్తుంది. తర్వాత ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, సిమ్స్ స్పెక్యులంతో యోని వెనకగోడను పక్కకు ఒత్తిపట్టి ముందుగోడను వెలుతురులో చూస్తారు. తర్వాత వేలితో తడుముతారు. తిత్తి ఉంటే బయటి ద్వారానికి రెండు మూడు సెంటీమీటర్ల లోపల, మెత్తగా, ముట్టుకుంటే నొప్పిగా, చిన్న ఉబ్బులా తగులుతుంది. ఆ ఉబ్బును వేలితో లోపలి నుంచి బయటికి మెల్లగా నొక్కుతూ రావాలి. మూత్రద్వారం దగ్గర ఒక చుక్క మురికి మూత్రమో చీమో కనిపించిందంటే ఏళ్ల కథ తేలినట్టే. రెండు మూడు నిమిషాల పని ఇది. నొక్కినా ఏమీ రానంత మాత్రాన తిత్తి లేదని చెప్పలేం, నోరు మూసుకుపోయి ఉండొచ్చు.

ఉబ్బు గట్టిగా తగిలితేనో, రక్తం వస్తుంటేనో ఇంకా జాగ్రత్తగా చూడాలి. నిలవ మూత్రం వల్ల తిత్తిలో రాళ్లు పడతాయి. అరుదుగా అందులోనే క్యాన్సర్ పుడుతుంది. అక్కడ తగిలే ప్రతి గడ్డా ఇదే కాదు, మామూలు నీటితిత్తులూ ఉంటాయి, జారిన మూత్రాశయమూ ఉంటుంది. అందుకే ఒక పని మాత్రం చేయకూడదు. చీముగడ్డే కదా అని యోని వైపు నుంచి బ్లేడు పెట్టి కోయకూడదు. లోపల తిత్తికి మూత్రనాళంతో దారి ఉంది, ఇటు వైపు కూడా దారి చేస్తే మూత్రం యోనిలోకి కారే ఫిస్టులా మిగలవచ్చు. చిన్న కష్టం పోయి పెద్ద కష్టం వస్తుంది.

అనుమానం వచ్చాక చేయించాల్సిన పరీక్షల్లో మూత్రం కల్చర్ మొదటిది. పొట్ట మీద నుంచి తీసే మామూలు స్కానింగ్‌లో ఈ తిత్తి సాధారణంగా కనపడదు, ‘నార్మల్’ అన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకూడదు. కింది భాగం నుంచి తీసే స్కానింగ్‌లో, చూసేవాళ్లకు అనుభవం ఉంటే, కనపడుతుంది. మూత్రాశయంలో మందు నింపి, మూత్రం పోస్తుండగా తీసే ఎక్స్‌రేను ఎంసీయూ అంటారు. ఇందులో ఒక చిక్కుంది. ఎక్స్‌రే గదిలో, మనుషులు చూస్తుండగా, బల్ల మీద మూత్రం పోయమంటే ఎవరికి వస్తుంది? పోయకపోతే మందు తిత్తిలోకి పోదు, పరీక్షలో ఏమీ లేదని వస్తుంది. సిగ్గు వల్ల జబ్బు దాక్కున్నట్టవుతుంది. ఆ గదిలో ఒక తెరా, ఒక నర్సమ్మా ఉంటే రిపోర్టు మారిపోవచ్చు. అన్నిటికన్నా తేటగా చూపించేది కటి భాగం ఎంఆర్ఐ. నీరున్న చోటు తెల్లగా మెరిసే చిత్రాల్లో తిత్తి ఎంతుంది, ఎన్ని అరలుగా ఉంది, నాళం చుట్టూ గుర్రపు లాడంలా చుట్టుకుందా అన్నది తెలుస్తుంది. సర్జన్‌కు కావలసిన పటం అదే. మూత్రనాళంలోకి సన్నని గొట్టం పంపి చూసే సిస్టోస్కోపీలో తిత్తి నోరు కనిపించవచ్చు, కొన్నిసార్లు కనిపించకపోవచ్చు.

కుట్లు, ట్యూబు, విశ్రాంతి

బాధలేమీ లేని చిన్న తిత్తికి ఆపరేషన్ తప్పనిసరి కాదు, డాక్టరు కనిపెట్టుకుని ఉంటారు. గర్భిణులకు వీలైనంతవరకు కాన్పు అయ్యాకే చేస్తారు. చీము పట్టి ఉంటే ముందు మందులతో దాన్ని అణచాలి. బాధ పెడుతున్న తిత్తికి మాత్రం శాశ్వతమైన దారి దాన్ని తీసేయడమే.

ఆపరేషన్ యోని వైపు నుంచే చేస్తారు, పొట్ట మీద కోత ఉండదు. ముందుగోడ మీద తిరగేసిన ‘యు’ ఆకారంలో కోసి పై పొరను లేపుతారు. దాని కింది పొరను అడ్డంగా తెరుస్తారు. అప్పుడు తిత్తి కనిపిస్తుంది. దాన్ని చుట్టూ విడదీస్తూ నాళంలోకి తెరుచుకున్న నోటి దాకా వెళ్లి, నోటితో సహా తీసేయాలి. నోరు వదిలేస్తే తిత్తి తిరిగొస్తుంది. నాళంలో ఉంచిన ట్యూబు మీదుగా ఆ రంధ్రాన్ని కుట్టి, మధ్య పొరను ఒక దిక్కుగా, పై పొరను ఇంకో దిక్కుగా మూస్తారు. ఒక కుట్టు మీద ఇంకో కుట్టు పడకూడదు, పడితే అక్కడే మూత్రం దారి చేసుకుంటుంది. కణజాలం పలచగా ఉన్నా, ఇంతకుముందు ఒకసారి ఆపరేషన్ అయి ఉన్నా, బయటి పెదవి కింది కొవ్వును రక్తనాళాలు తెగకుండా తెచ్చి మధ్యలో పరుస్తారు. జర్మన్ వైద్యుడు హైన్‌రిచ్ మార్షియస్ 1928లో చెప్పిన పద్ధతి ఇది, ఈనాటికీ చేస్తున్నారు. తిత్తి ద్వారానికి బాగా దగ్గర్లో ఉంటే మొత్తం తీయకుండా బయటికి తెరిచి వదిలే చిన్న పద్ధతి కూడా ఉంది. దగ్గితే మూత్రం కారే బాధ కూడా ఉన్నవాళ్లకు అదే రోజు ప్లాస్టిక్ మెష్ పట్టీ వేయకూడదు, అవసరమైతే ఒంట్లోని పొరతోనే పట్టీ వేస్తారు.

తర్వాత రెండు మూడు వారాలు ట్యూబు ఉంటుంది. ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సింది ఇక్కడే. ట్యూబు తొడకు అతికించి ఉండాలి, లాగకూడదు, సంచి నడుం కన్నా కిందే ఉండాలి. బిందెలు మోయకూడదు, పత్తి మూటలు ఎత్తకూడదు. నీళ్లు బాగా తాగాలి. సుగ్గికి పోయే నెలల్లో ఆపరేషన్ పెట్టుకుంటే ఈ నియమాలు ఒక్కటీ సాగవు. ట్యూబు తీసే ముందు మళ్లీ ఒక ఎక్స్‌రే తీసి కుట్లు మానాయో లేదో చూస్తారు, కారుతుంటే ఇంకో వారం ఉంచుతారు. భార్యాభర్తలు కనీసం ఆరు వారాలు దూరంగా ఉండాలి. ఈ మాట డాక్టరు భర్తను కూర్చోబెట్టి చెబితేనే జరుగుతుంది, ఆమె ద్వారా చెప్పి పంపితే జరగదు. కొందరికి ఫిస్టులా రావచ్చు, కొందరికి దగ్గితే కారడం మొదలవచ్చు, కొందరికి తిత్తి మళ్లీ రావచ్చు. అందుకే ఈ ఆపరేషన్ చేతికి అలవాటున్న యూరాలజిస్టు దగ్గరే చేయించుకోవాలి.

ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకు ఆ యూరాలజిస్టు దొరికేది కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో. కర్నూలు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి అది, పక్క జిల్లాల నుంచి, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఆదోనికి రైలు ఉన్నా అది గుంతకల్లు–రాయచూరు దారి. కర్నూలుకు ఎమ్మిగనూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు బస్సులోనే వెళ్లాలి. మంటతో, చుక్కలతో, దారిలో బస్సు ఆపమని అడగలేక కూర్చునే ప్రయాణం. అందుకే మొదటి పరీక్ష ఆదోని ప్రభుత్వ ఆసుపత్రిలోనో ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనో గైనకాలజిస్టు చేసి, అనుమానాన్ని చీటీ మీద రాసి పంపితే, ఆమె కర్నూలుకు తిరిగే తిరుగుళ్లు సగానికి సగం తగ్గుతాయి. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్రను చేరిన రోజే అడగాలి, రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉండాలి. ఊళ్లో ఆశా కార్యకర్త తలుచుకుంటే ఇంకో మేలు చేయగలదు. మంట మాత్రలు ఏడాదిలో మూడోసారి అడిగిన అక్క ఎవరో ఆమెకే తెలుస్తుంది.

తీసిన తిత్తిని బయాప్సీకి పంపాలి, పంపారో లేదో అడగాలి. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, దానికోసం కర్నూలుకు ఇంకోసారి వెళ్లాల్సి వచ్చినా వెళ్లాలి. డిశ్చార్జి కాగితంలో తిత్తి ఎక్కడ ఉంది, నోరు ఎక్కడ మూశారు, కొవ్వు పొర వేశారా లేదా అన్నవి రాయించుకుని, రిపోర్టుతో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి. ఏడాది తర్వాత గుంటూరు చేల దగ్గర మళ్లీ మంట వస్తే, అక్కడి డాక్టరు ముందు మొదట తీయాల్సింది ఆ కవరే.